అరవై నలుగురు వచ్చిన సభ

“ఈ సంతకం మీదేనా అని అడుగుతున్నాను.”

పాపాయి ఆ మాట అడగడం ఇది మూడోసారి. అద్దం ముందు కూర్చున్న ఆమె భర్తకు, మున్సిపాలిటీ గుమాస్తాకు, సగం గడ్డమే పూర్తయింది. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద సబ్బు నురగ ఎండిపోతోంది. ఆదివారం కదా అని మధ్యాహ్నం దాకా బద్ధకించి తీరిగ్గా గడ్డానికి కూర్చున్న మనిషి, భార్య తెచ్చి అద్దానికి అడ్డంగా పెట్టిన కాగితం చూశాక రేజరు పట్టుకున్న చేతిని దించడం కూడా మరిచిపోయాడు.

“నాదే. మినిట్స్ రాసేది నేనైనప్పుడు సంతకం ఇంకెవరిది ఉంటుంది?”

“పైన రాసింది కూడా మీరేనా?”

అతను కాగితం మీద నుంచి చూపు తిప్పుకున్నాడు.

ఆ కాగితం టైలరు తెచ్చి ఇచ్చి గంట కూడా కాలేదు. పాత బస్టాండు పక్కన పదకొండు కొట్ల వరస ఉంది. అందులో పాపాయి తండ్రిది పుస్తకాల బైండింగు కొట్టు, దాని పక్కది టైలరుది. ఆ వరసంతా పడగొట్టి బళ్ళు నిలుపుకునే జాగా చెయ్యాలని మున్సిపాలిటీ అనుకుంది. అనుకున్నాక ప్రజల అభిప్రాయం అడగాలని రూలుంది కాబట్టి అడిగింది. బడి హాల్లో కుర్చీలు వేయించి సభ పెట్టింది. ఆ సభ జరిగి పన్నెండు రోజులు. మొన్న శుక్రవారం కొట్లకు నోటీసులు అంటించిపోయారు, పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యమని.

టైలరు ఊరుకునే రకం కాదు. శనివారమంతా కాళ్ళరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగి ఆ సభ మినిట్స్ జిరాక్సు ఒకటి సంపాదించాడు. అది చదువుకుని ఇవాళ ఇక్కడికి వచ్చి, “మీ నాన్నగారికి చూపించడానికి నాకు చేతులు రాలేదమ్మా. మీ ఆయన రాసిందే కదా, నువ్వే చూసుకో,” అని పాపాయి చేతిలో పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయాడు.

కాగితంలో ఉన్నది నాలుగే వాక్యాలు. ‘సభకు 64 మంది హాజరైనారు. ప్రతిపాదన వివరించబడినది. హాజరైన ప్రజల నుండి ఎటువంటి అభ్యంతరములు రాలేదు. చైర్మన్ గారి కృతజ్ఞతలతో సభ ముగిసినది.’

పాపాయికి నలభై దగ్గర పడుతున్నాయి. అయినా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ అందరికీ పాపాయే. ఆస్పత్రిలో రోగులకు చీటీలు రాసే కిటికీ దగ్గర ఉద్యోగం. రోజూ వందలమందితో గొంతు చించుకునే మనిషి, ఆ నాలుగు వాక్యాలు చదివాక గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఎందుకంటే ఆ సభలో ఆమె కూడా ఉంది.

ఆమె తండ్రికి నత్తి. చిన్నప్పటి నుంచీ ఉన్నదే. కొట్లోకి వచ్చిన వాళ్ళతో కూడా వేళ్ళతో చూపించి, తలూపి, రెండు ముక్కల్లో పని కానిచ్చేస్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన తరఫున పక్క వాళ్ళే మాట్లాడారట. అలాంటి మనిషి ఆ రోజు హాల్లో లేచి నిలబడ్డాడు. ఒక నిమిషంలో చెప్పే మాటకు ఆరు నిమిషాలు పట్టింది. ప్రతి మాటా గొంతులో అడ్డం పడుతూనే ఉంది. చైర్మన్ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. తండ్రి మాత్రం చెప్పదలుచుకున్నది చివరిదాకా చెప్పి, చెమటలు కారుతూ కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకో ఏడుగురు లేచారు. ఆయన లేవబట్టే వాళ్ళు లేచారు.

ఇప్పుడీ కాగితం ఎవరూ ఏమీ అనలేదంటోంది.

“మాట్లాడరేం? మా నాన్న అభ్యంతరం చెప్పలేదా?”

“చెప్పారు.”

“మరి ఇదేంటి?”

గుమాస్తా రేజరు కింద పెట్టాడు. “ముందురోజే టైపు చేసేస్తాం,” అన్నాడు గొంతు తగ్గించి.

“ఏం చేసేస్తారు?”

“మినిట్స్. సభకు ముందురోజు సాయంత్రం టైపు చేసి, మూడు కాపీలు తీసి ఫైల్లో పెట్టుకుంటాను. చైర్మన్ గారు సభ అవ్వగానే కారెక్కేస్తారు. ఆ తర్వాత పట్టుకోవడం నా వల్ల కాదు. సంతకం లేకపోతే ఫైలు నెలల తరబడి కదలదు. అందుకని అన్నీ రెడీగా పెట్టుకుంటాను. వచ్చినవాళ్ళ సంఖ్య ఒక్కటే ఖాళీ వదులుతాను. అది అక్కడే తలలు లెక్కపెట్టి పెన్నుతో వేస్తాను.”

పాపాయి కాగితం మళ్ళీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. నిజమే. అంతా టైపు అక్షరాలే. ఒక్క 64 మాత్రం చేత్తో రాసింది. ఆ అరవై నలుగురిలో తనూ ఒకతె. తన తలకాయ కూడా లెక్కపెట్టాడన్నమాట.

“సభ జరక్కముందే సభలో ఏం జరిగిందో రాసేశారు,” అంది.

“నేనొక్కణ్ణే కాదు. నాకు ముందు ఉన్నాయన ఇలాగే చేసేవాడు. ఆయనే నేర్పాడు. పదహారేళ్ళ నుంచి చూస్తున్నాను పాపాయ్, ఎవరూ నోరు విప్పరు. వస్తారు, ఫ్యాను కింద కూర్చుంటారు, టీ తాగి వెళ్ళిపోతారు. పదహారేళ్ళలో ఒక్క మనిషి లేచి కాదన్నది లేదు.”

“నేను రోజూ మూడొందల మంది పేర్లు రాస్తాను. రేపు వీళ్ళొస్తారు, ఈ జబ్బులతో వస్తారు అని ఒక్క చీటీ కూడా ముందురోజు రాసిపెట్టుకోను.”

“నీ పని వేరు.”

“ఏం వేరు? నా కిటికీ దగ్గరా మనుషులే నోరు తెరిచి చెబుతారు.”

ముందు గదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు అప్పటిదాకా చెవులు రిక్కించి వింటూనే ఉంది. ఇక ఆగలేక బట్టల దొంతరతో సహా లోపలికి వచ్చింది. “ఆదివారం పూట మొగుణ్ణి నిలబెట్టి ఆ కేకలేంటే పాపాయ్? వాడు చేసేది గుమాస్తా ఉద్యోగం. పైవాళ్ళు ఏది రాయమంటే అది రాస్తాడు.”

“పైవాళ్ళు రాయమనలేదు అత్తయ్యా. అదే నా ఏడుపు. ఎవరూ చెప్పకుండానే రాశారు. మీ అబ్బాయినే అడగండి.”

అత్తగారు కొడుకు ముఖంలోకి చూసింది. కాదని అంటాడేమో అని చూసింది. అతను తువ్వాలు తీసుకుని నురగ లేని చెంప తుడుచుకున్నాడు.

“మళ్ళీ టైపు చేద్దామనే అనుకున్నాను,” అన్నాడు ఇద్దరికీ కలిపి. “మామయ్యగారు లేచి మాట్లాడతారని నేను కల కన్నానా? ఆ రోజు చైర్మన్ గారికి తొందరగా ఉందని సభ మొదలవకముందే సంతకం పెట్టేశారు. సాయంత్రం ఆయన గది దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు. కాసేపు నిలబడ్డాను. మర్నాడు వెళ్ళేసరికి ఫైలు కమిషనరు గారి దగ్గరికి పోయింది.”

“గది దాకా వెళ్ళి తిరిగొచ్చేశారు. ఇంటికొచ్చి నాతో ఒక్క మాట అనలేదు. పన్నెండు రోజులు నా పక్కన కూర్చుని భోజనం చేశారు. శుక్రవారం నోటీసు అంటించారని తెలిసి నేను ఏడుస్తుంటే, ఊరుకో, ఏదో దారి దొరక్కపోదు అన్నారు.”

వీధిలో ఎవరో పాత కాగితాలు కొంటామని అరుచుకుంటూ పోయారు. అత్తగారు మడతపెట్టిన బట్టనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

అంత కోపంలోనూ పాపాయికి ఒక ఆశ మిగిలే ఉంది. కాగితం చదివినప్పటి నుంచీ ఆ ఆశను పట్టుకునే నిలబడింది. అందుకే ఆ మాట అడగడానికి భయపడి చివరికి దాచుకుంది.

“సరే. టైపు చేసింది పోనీండి. ఆ రోజు మీరు ఆఫీసు పొడుగు పుస్తకంలో రాస్తూనే ఉన్నారు కదా. నేను మూడో వరసలో కూర్చుని చూశాను. మా నాన్న మాట్లాడినంతసేపూ మీరు తలెత్తలేదు. అది చాలు. ఆ పుస్తకం తీసుకెళ్ళి కమిషనరు గారికి చూపిద్దాం. మినిట్స్ మీద అభ్యంతరం చెప్పడానికి రేపు సాయంత్రం దాకా గడువుందని టైలరు చెప్పాడు. రేపటికి ఇంకా టైముంది.”

గుమాస్తా చెంప మీద ఎండిన నురగను గోటితో గీకాడు.

“ఏవండీ, అందులో రాశారు కదా?”

“అదే రోజు నాలుగింటికి రైలు గేటు అవతల వార్డులో ఇంకో సభ ఉంది,” అన్నాడు. “ముందురోజు మీ సభది టైపు చేసేసరికి ఆఫీసులో కరెంటు పోయింది. దానికి టైపు చెయ్యడం కుదరలేదు. చేత్తో రాసి పట్టుకెళ్తే సరిపోతుందని...”

“సరిపోతుందని?”

“దాని మినిట్స్ రాసుకుంటున్నాను.”

పాపాయి కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి తడుముకుంది. దొరికాక కూర్చుంది. కోపం రావాలి కానీ రాలేదు. తన మొగుడి గురించి తనకు తెలిసిందంతా తప్పని తేలినప్పుడు వచ్చే దిమ్మెరపాటు అది. ఆ రోజు హాల్లో, తండ్రి గొంతు పెగలక తంటాలు పడుతుంటే ఆమె చూపు మొగుడి చేతి మీదే ఉంది. ఆ పెన్ను ఆగకుండా కదులుతుంటే, మా నాన్న ఎంత నెమ్మదిగా చెప్పినా ఒక్క ముక్క పోనివ్వడం లేదు మా ఆయన అనుకుంది. పక్కన కూర్చున్నావిడతో ఆ మాట అంది కూడా. గర్వంగా అంది. ఇప్పుడది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతోంది.

అత్తగారు కొడుకును ఏమీ అనలేక, కోడలిని అనడానికి ఏమీ లేక, మంచం అంచున కూలబడింది.

“ఇప్పుడేం చేస్తారు?” అంది పాపాయి.

“ఏం చెయ్యమంటావు?”

“జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసివ్వండి. ముందురోజే టైపు చేశాను, సభలో ఎనిమిది మంది కాదన్నారు, మినిట్స్ తప్పు అని. మీ చేత్తోనే రాయండి.”

“రాస్తే ఆ మరుక్షణం సస్పెండ్ చేస్తారు. అక్కడితో ఆగదు. నేను రాసిన సభలన్నీ తవ్వుతారు. ఎన్ని రోడ్లు, ఎన్ని గోడలు, ఎన్ని ఇళ్ళు ఆ కాగితాల మీద నడిచాయో నీకు తెలుసా? పదహారేళ్ళ కాగితాలు. జైలుకు పంపినా అడిగే నాథుడు లేడు.”

“రాయకపోతే మా నాన్న వీధిన పడతాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కొట్టు అది. అమ్మ పోయినప్పటి నుంచీ ఆ కొట్టు వెనక గదిలోనే ఉంటున్నాడు. పనీ అక్కడే, పడకా అక్కడే.”

“మన ఇంటికి తీసుకొద్దాం.”

“ఏ ముఖం పెట్టుకుని తీసుకొస్తారు?”

అతను ఏదో అనబోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. అత్తగారు కిటికీలోంచి తొంగి చూసి వెనక్కి తిరిగింది.

“అన్నయ్యగారు,” అంది మెల్లగా.

పాపాయి చేతిలో కాగితం నలిపి బట్టల దొంతర కిందికి తోసేసింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు. చేతులు వాటంతటవే ఆ పని చేశాయి.

బైండరు, పాపాయి తండ్రి, లోపలికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గోళ్ళ సందుల్లో జిగురు మాత్రం ఎంత కడిగినా పోనిది అలాగే ఉంది. ముఖం చూస్తే మనిషి సంతోషంగా ఉన్నాడని ఎవరైనా చెప్పగలరు. కొట్టు మీద నోటీసు అంటించిన మూడో రోజు, ఇంత సంతోషం ఎక్కడిదో ఎవరికీ అర్థం కాలేదు.

“రండి అన్నయ్యగారూ, కూర్చోండి. టీ పెడతాను,” అని అత్తగారు అంది కానీ వంటింటి వైపు అడుగు పడలేదు.

“త... తర్వాత, చెల్లెమ్మా.” ఆయన అల్లుడి ముఖం చూసి నవ్వారు. “స... సగం గడ్డంతో ఉన్నారేంటి అల్లుడుగారూ? మా పాపాయి మధ్యలో లే... లేపేసిందా?”

అతనూ నవ్వబోయాడు. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన జేబులోంచి మడిచిన కాగితం తీసి విప్పారు. కింద మున్సిపాలిటీ ముద్ర ఉంది. “నిన్న పెట్టేసి వచ్చాను, అర్జీ. ట... టైలరు కోర్టు అంటాడు, లాయరు అంటాడు. నాకవన్నీ ఎందుకు? నేనొక్కటే రాశాను. అయ్యా, మేం స... సభలో చెప్పింది మీదాకా రాలేదు. వచ్చుంటే మీరీ నోటీసు ఇచ్చేవాళ్ళు కాదు. రికార్డు తెప్పించుకుని చ... చదవండి, చాలు.”

ఆయన ఆగి ఊపిరి తీసుకున్నారు.

“ఏటా వాళ్ళ రిజిస్టర్లు కుట్టేది నేనే కదా. ఒకసారి కుట్టులో పడిన కాగితం ఊ... ఊడి రాదు. నాకు తెలుసు. అందుకే కింద ఇంకో మాట రాశాను.” వేలితో ఆ చోటు చూపించారు. “సాక్షి ఎవరని అడుగుతారు కదా. మీ పేరు ఇచ్చాను అల్లుడుగారూ. మా మాటలు ఒక్కటీ వదలకుండా రాసుకున్నాయన, మీ ఆఫీసు మనిషే, అని రాశాను. కమిషనరు గారు రేపు పదకొండింటికి ఇద్దర్నీ ర... రమ్మన్నారు. ఆయనే స్వయంగా చెప్పారు.”

గుమాస్తా ఆ కాగితం కేసి చూస్తున్నాడు. ఆయన రాసిన అక్షరాలు పెద్దవిగా, ఒక్కొక్కటీ దిద్దినట్టుగా ఉన్నాయి. ‘సాక్షి: మా అల్లుడు.’

“పుస్తకం ఇంట్లోనే ఉందా?” అన్నారు బైండరు.

“ఉంది మామయ్యగారూ.”

“ఒ... ఒకసారి చదివి వినిపించండి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనేం మాట్లాడానో నాకే గుర్తు లేదు. లేచానని తెలుసు. కూర్చున్నానని తెలుసు. మధ్యలోది అంతా మ... మసకే. రేపు ఆయన అడిగితే అదే మాట చెప్పాలి కదా.”

“ఇప్పుడెందుకు నాన్నా?” అంది పాపాయి. “టీ తాగి...”

“చదవనీయమ్మా. ఎంతసేపు.”

గుమాస్తా లేచి ఆఫీసు సంచిలోంచి పొడుగు పుస్తకం తీశాడు. ఒక పేజీ తెరిచాడు. అది ఏ పేజీ అయ్యుంటుందో పాపాయికి తెలుసు. చదవకండి అని అరవాలనుంది. చదివెయ్యండి, ఏదో ఒకటి చెప్పి ఆయన్ని పంపెయ్యండి అని కూడా ఉంది. రెండూ అనలేక పుస్తకం అట్ట కేసి చూస్తూ ఉండిపోయింది.

అతను చదవడం మొదలుపెట్టాడు.

“‘అయ్యా, పాత బస్టాండు పక్కన ముప్పై ఎనిమిదేళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాను. నాకు మాట తొందరగా రాదు. కొంచెం ఓపిక పట్టండి. మా కొట్లు తీసేస్తే మేం ఎక్కడికి పోవాలో మీ కాగితంలో లేదు. బళ్ళు ఎన్ని నిలబడతాయో మాత్రం ఉంది. మీరు మమ్మల్ని అడగడానికి వచ్చారా, చెప్పడానికి వచ్చారా? చెప్పడానికే అయితే కుర్చీలు ఎందుకు వేయించారు? అడగడానికి అయితే మాత్రం, నేను చెప్పేది అయ్యేదాకా గడియారం చూసుకోకండి.’”

పాపాయి నివ్వెరపోయింది. పేజీలో లేకపోయినా, అవి తన తండ్రి మాటలే. ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. పెన్ను ఇంకో వార్డుకు సభ కట్టిపెడుతుంటే, చెవులు ఇక్కడే ఉన్నాయన్నమాట. అన్నీ విన్నాడు. పన్నెండు రోజులుగా అన్నీ లోపల పెట్టుకుని తిరుగుతున్నాడు. వినలేదంటే ఎప్పటికైనా క్షమించేదేమో. వినీ రాయలేదంటే ఏమనుకోవాలో ఆమెకు తోచలేదు.

బైండరు కళ్ళు మూసుకుని విన్నారు. “నేనే అన్నానా అది?”

“మీరే అన్నారు మామయ్యగారూ.”

“గడియారం మాట కూడా?”

“అది కూడా.”

“మీ అమ్మ ఉంటే నమ్మేది కాదు పాపాయీ,” అన్నారు, తడబడకుండా. చెయ్యి చాపారు. “ఏదీ, ఇలా ఇవ్వండి. నా కళ్ళతో ఒకసారి చూసుకుంటాను. రేపు వెతుక్కోకుండా ఆ పేజీలో దారం పెడదాం.”

గుమాస్తా భార్య కేసి చూశాడు. ఒక్క మాట అను, ఏదో ఒకటి అను అన్నట్టు చూశాడు. పాపాయి తల దించుకుంది. ఆయన చెయ్యి చాపే ఉంది. అతను పుస్తకం ఇచ్చేశాడు.

బైండరు కళ్ళజోడు పెట్టుకుని పేజీ మీద వేలు ఉంచారు. వేలు నెమ్మదిగా మొదటి వరసంతా నడిచింది. రెండో వరస మధ్యలో ఆగింది.

“సా... సాయంత్రం నాలుగు గంటలు అని ఉంది. మన సభ పొద్దున కదా?”

అత్తగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన పేజీ తిప్పారు. అవతల ఖాళీ. వెనక్కి తిప్పి, ఇంకో రెండు పేజీలు వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చారు. కాగితాలు ఎక్కడైనా చిరిగాయేమోనని కుట్టు దగ్గర వేలితో తడిమి చూశారు. ఏ కాగితమూ పోలేదు. అయినా ఆయన ముఖంలో అనుమానం లేదు.

“ఈ కళ్ళజోడు పాతబడిపోయిందమ్మా, అక్షరాలు ఆనడం లేదు,” అని పుస్తకం కూతురి ఒళ్ళో పెట్టారు. “నే... నేను చెప్పింది ఏ పేజీలో ఉందో నువ్వు చూసి చెప్పు.”